పాత గంజాం చుక్క ఎక్కడ పెట్టాలి?

లండన్‌లోని టేట్ మ్యూజియం తన సేకరణ వివరాలను 2013లో అందరికీ తెరిచి పెట్టింది. దాదాపు 70 వేల కృతులవి. చిత్రకారుల వారీగా గ్రాఫ్ గీస్తే సగానికి పైగా బ్రిటిష్ చిత్రకారుడు టర్నర్ ఒక్కడివే. బ్రిటన్ కళలో ఆయన వాటా అంతని కాదు. 1856లో దేశానికి దక్కిన ఆయన స్కెచ్ పుస్తకాల్లో ఒక్కో పుటనూ ఒక్కో కృతిగా నమోదు చేశారు. ఆ గ్రాఫ్‌లో ముందుగా చదవాల్సింది కళను కాదు, పద్దు రాసిన తీరును. మ్యూజియాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు మొదట చూడాల్సిందీ అదే.

బరంపురం, పర్లాకిమిడి, జయపురం తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే బల్లిగుడ ప్రాంతపు ఖోండు గిరిజనుల మెరియా (నరబలి) స్తంభం మద్రాసు మ్యూజియానికి చేరింది. అప్పటి గంజాం జిల్లాలో ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం కూడా ఉండేవి. పాత రిజిస్టరులో 'గంజాం' అని మాత్రమే ఉన్న వస్తువుకు కంప్యూటర్ నేటి గంజాం జిల్లాలో చుక్క పెట్టేస్తుంది. రంగుల పటం మీద ఆ తప్పు నిజంలాగే కనిపిస్తుంది! రిజిస్టరులో రాసిన పేరు ఒక గడిలో, నేటి ఊరు మరో గడిలో ఉండాలి. ఊరు తేలనప్పుడు చుక్కకు బదులు పాత జిల్లా మేరంతా లేత రంగు పులమాలి.

ఇంకో చిక్కు నన్ను ఎక్కువగా బాధిస్తుంది. బెల్లగుంఠ ఇత్తడి చేపలాంటి పనితనానికి చేసినవారి పేరు రాసే అలవాటు మ్యూజియాలకు చాలాకాలం లేదు. టర్నర్ కొండలా నిలిచే గ్రాఫ్‌లో మన కంచరులంతా 'తెలియదు' అనే ఒకే గీతలో కలిసిపోతారు. మనకు పనికొచ్చే పోలిక వేరు: ఏ లోహం, ఏ ఊరు, ఎప్పుడు చేసింది, ఎప్పుడు మ్యూజియానికి చేరింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా 2015లో విడుదల చేసిన పట్టికలో తయారైన సంవత్సరం, సేకరించిన సంవత్సరం వేర్వేరు గడుల్లో ఉన్నాయి. ఆ రెంటి మధ్య దూరం చూస్తే మ్యూజియం దేన్ని వెంటనే ఆదరించిందో, దేన్ని ఆలస్యంగా గుర్తించిందో తేలుతుంది.

మ్యూజియం వస్తువుల వివరాలను నమోదు చేసే జతన్ సాఫ్ట్‌వేర్‌తో మన జాతీయ మ్యూజియాల వస్తువులు అంతర్జాలంలోకి వచ్చాయి. బొమ్మలు చూపితే చాలదు. చెన్నై, భువనేశ్వర్ మ్యూజియాలు తమ రిజిస్టర్లను పూర్తి పట్టికలుగా, పాత ఊరిపేర్లను దిద్దకుండా ఇవ్వాలి. 1936కు ముందు ఇక్కడి నుంచి ఏవి ఎటు వెళ్లాయో బరంపురం విద్యార్థులే గీసి చూపగలరు.