అంకె వేశాక ఏం చేస్తారన్నదే ప్రశ్న

తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ వార్డులో పొద్దున రౌండ్సు మొదలయ్యేది ఒక ప్రశ్నతోనే. "సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే ఇప్పుడు నొప్పి ఎంతుందమ్మా?" రోగి ఏడు అంటే మార్ఫిన్ మోతాదు పెంచుతారు. రెండు అంటే ఉన్నదే కొనసాగిస్తారు. వెనకాలే మందు వస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టే రోగి ఓపిక చేసుకుని ఆ అంకె చెబుతాడు.

ఆ ప్రశ్న అడిగే నర్సుల బాధకూ, డాక్టర్ల బాధకూ అంకెలు వేసే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. నైతిక వేదనను కొలిచే ప్రశ్నావళులు అవి. ఈ కొలత కావాలని గట్టిగా నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ కాగితాలు నింపించి, మొత్తం కూడి, సిబ్బందికి ఒత్తిడి ఎక్కువగా ఉందని తేల్చి, ఓ పూట ధ్యానం క్లాసు పెట్టి చేతులు దులుపుకుంటామంటే మాత్రం అసలు కొలవకపోవడమే నయం. నొప్పి ఎంతో అడిగి మందు ఇవ్వకుండా వెళ్లిపోవడం ఎంత క్రూరమో, ఇదీ అంతే.

నైతిక వేదన అన్న భావనకు నర్సింగ్ రంగంలో రూపమిచ్చింది అమెరికాకు చెందిన ఆండ్రూ జేమ్‌టన్. 1984లో ఆయన చెప్పింది ఇదీ: చేయాల్సిన మంచి ఏమిటో తెలుసు, కానీ సంస్థ కట్టుబాట్లు దాన్ని చేయనివ్వవు, అప్పుడు పుట్టే బాధ ఇది. అలసట వేరు. వరసగా నైట్ డ్యూటీలు పడి ఒళ్లు హూనమైతే నాలుగు రోజుల సెలవుతో తేరుకోవచ్చు. ఈ బాధ సెలవుతో పోయేది కాదు, ఎందుకంటే తిరిగొచ్చేసరికి వార్డులో అదే పరిస్థితి ఉంటుంది. 2009లో ఎప్‌స్టీన్, హామ్రిక్ అనే పరిశోధకులు మరో సంగతి వివరించారు. ఒక ఘటన ముగిశాక వేదన పూర్తిగా దిగిపోదు, కొంత అడుగున మిగిలిపోతుంది. తర్వాతి ఘటన ఆ మిగిలినదాని మీద మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మట్టం పైకే పోతుంది.

కొలిచే పనిముట్లలో మేరీ కోర్లీ బృందం తయారుచేసిన స్కేలు మొదటిది. దాన్ని సవరించి 2012లో హామ్రిక్ బృందం 21 ప్రశ్నలకు కుదించింది. 2019లో వచ్చిన కొత్త కొలతలో 27 ప్రశ్నలున్నాయి. లెక్క సులువే. ఒక్కో సందర్భానికీ రెండు అంకెలు వేయాలి: ఎంత తరచుగా ఎదురవుతోంది, ఎదురైనప్పుడు ఎంత బాధిస్తోంది. రెండూ సున్నా నుంచి నాలుగు దాకా. ఆ రెంటినీ గుణించి, అన్ని ప్రశ్నలవీ కూడితే 2019 కొలతలో గరిష్ఠంగా 432 వస్తుంది. ఇంతకంటే తేలికైనది 2013లో వచ్చిన థర్మామీటరు పద్ధతి. సున్నా నుంచి పదిలోపు ఒక్క గుర్తు పెడితే చాలు.

నా పేచీ ఆ గుణకారంతోనే. ఎందుకో చెప్పాలంటే ఉత్తరాంధ్ర తీరానికి వెళ్లాలి. అడ్డపొగ తాగే అలవాటు అక్కడి ఆడవాళ్లలో తరాలుగా ఉంది. చుట్ట నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుంటారు. ఆ వేడికీ పొగకూ అంగిట్లో పుండు పడి క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అలాంటి ఒకావిడను చూడటానికి నర్సు ఇంటికి వెళ్లిందనుకోండి. గుమ్మం దాటకముందే కొడుకు ఎదురొచ్చి గొంతు తగ్గించి చెబుతాడు. "మేడమ్, అమ్మకి క్యాన్సరని చెప్పలేదు. పుండనే చెప్పాం. మీరు కూడా..." లోపల ఆవిడ డ్రెస్సింగ్ చేయించుకుంటూ అడుగుతుంది. "సిస్టరమ్మా, ఈ పుండు ఎప్పటికి మానుతాదే?" నర్సు గాజుగుడ్డ మడతపెడుతూ ఏదో చెప్పి మాట తప్పిస్తుంది. బయటికొచ్చాక తర్వాతి ఇంటి అడ్రసు వెతుక్కుంటుంది.

ఈ సందర్భం స్కేలులో లేకపోలేదు. చావు గురించి అడుగుతున్న రోగితో, కుటుంబం వద్దన్నందుకు ఆ మాట మాట్లాడకపోవడం అన్నది 2012 ప్రశ్నావళిలో ఉంది. మన నర్సు 'ఎంత తరచుగా' అన్నచోట నాలుగు వేస్తుంది, అక్కడ అనుమానం లేదు. మరి 'ఎంత బాధ' అన్నచోట? చేరిన కొత్తలో అయితే నాలుగు వేసేది. ఏళ్ల తరబడి ఇదే పని చేశాక ఒకటి వేస్తుంది. నాలుగు ఒకట్లు నాలుగు. ఏడాదికోసారి మాత్రమే ఎదురై, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని ఘటనకూ ఒకటి నాలుగుల నాలుగే. కాగితం మీద రెండూ సమానం. మొదటిది మొద్దుబారిన మనసు, రెండోది పచ్చి గాయం. రెంటికీ మందు ఒకటి కాదు. పైగా మొద్దుబారడం వల్ల స్కోరు తగ్గితే, పరిస్థితి మెరుగుపడిందని అధికారులు సంబరపడే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు. ఈ స్కేళ్లు పుట్టింది అమెరికా ఆసుపత్రుల్లో, ముఖ్యంగా ఐసీయూ అనుభవం మీద. అక్కడి నర్సును ఎక్కువగా కుంగదీసేది అతి చికిత్స: బతికే ఆశ లేని మనిషికి ఇంకో ట్యూబు, ఇంకో పరీక్ష. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో అదీ ఉంది. కానీ జిల్లాల్లో పాలియేటివ్ కేర్ చేసేవాళ్ల బాధ అందుకు తలకిందులు. ఇవ్వాల్సింది లేకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా 5.68 కోట్ల మందికి ఈ సంరక్షణ కావాలి, అందుతున్నది 14 శాతం మందికే.

మార్ఫిన్ సంగతే తీసుకోండి. అది తయారయ్యేది నల్లమందు నుంచి, చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మన రోగులకే మార్ఫిన్ గగనమైంది, ఎందుకంటే ఒక ఆసుపత్రి దాన్ని ఉంచుకోవాలంటే నాలుగైదు లైసెన్సుల కోసం వేర్వేరు శాఖల చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2014 సవరణ ఆ గొడవ తగ్గించి ఒకే అనుమతి చాలంది. కానీ గుర్తింపు పొందిన సంస్థ ఉండాలి, శిక్షణ పొందిన డాక్టర్ ఉండాలి. ఆ డాక్టర్ బదిలీ అయినా, మందు కావాలని పంపే ఇండెంటు ఆలస్యమైనా బీరువా ఖాళీ. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషికి పారాసెటమాల్ చేతిలో పెట్టాల్సి వచ్చిన నర్సు 'వనరుల కొరత' అనే ప్రశ్నకు నాలుగు వేస్తుంది. ఏ వనరు? మంచమా, మందా, మనిషా? ఆ ఒక్క ప్రశ్ననే మన దగ్గర మూడు ప్రశ్నలుగా విడగొట్టాలి.

ఇక 'లామా'. వైద్య సలహాకు విరుద్ధంగా ఇంటికి తీసుకెళ్తున్నామని సంతకం పెట్టించుకోవడం. కేస్ షీటులో అది కుటుంబం నిర్ణయం. అసలు కారణం బిల్లు కట్టలేకపోవడమని ఆ సంతకం పెట్టించే జూనియర్ డాక్టర్‌కు తెలుసు. వెంటిలేటర్ తీసేశాక ఊపిరాడని మనిషిని అంబులెన్సులో పంపేటప్పుడు చేతికి ఒక మార్ఫిన్ మాత్ర, ఒక ఫోన్ నంబరు కూడా ఇవ్వలేకపోయానన్న బాధకు మనం కొలత పెట్టుకోవాలి. ప్రాణాధార చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు 2018 మార్చిలో దారి చూపింది, 2023 జనవరిలో ఆ విధానాన్ని సరళం చేసింది. అయినా చాలా ఆసుపత్రుల్లో డాక్టర్లు కేసు భయంతో ఆ దారి తొక్కరు. లామా సంతకమే సులువు.

కొలత ఎవరికి అన్నది కూడా తేలాలి. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, 'ఆలన' పేరుతో ఇంటికే వెళ్లి చూసే వాహనాలున్నాయి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉద్యమం ఇరుగుపొరుగు వలంటీర్ల మీదే విస్తరించింది. ప్రశ్నావళి మాత్రం డాక్టర్, నర్సు దగ్గర ఆగిపోతుంది. రోగి పక్క దుప్పటి మార్చే ఆయాకు, మంచం పట్టిన మనిషిని చేతుల మీద దింపే డ్రైవర్‌కు, ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిన ఆశా కార్యకర్తకు ఫారమే ఉండదు. వాళ్లకు బాధ లేదనా?

పైగా ఒక జిల్లా టీములో ఉండేదే నలుగురైదుగురు. ఫారం మీద పేరు లేకపోయినా 'నర్సు, మహిళ, ఆరేళ్ల అనుభవం' అని రాస్తే ఆవిడెవరో సూపరింటెండెంటుకు ఇట్టే తెలిసిపోతుంది. ఆవిడ కాంట్రాక్టు ఉద్యోగి అయితే, రెన్యువల్ దగ్గర పడుతుంటే, 'పైవాళ్లకు భయపడి తప్పును చెప్పలేకపోయాను' అన్న ప్రశ్నకు నిజం రాస్తుందా? సున్నా వేస్తుంది. అందుకే ఈ కాగితాలు సొంత ఆసుపత్రిలో సేకరించకూడదు. నాలుగైదు జిల్లాలవి కలిపి, సంబంధం లేని సంస్థ చేత చేయించాలి. వయసు, అనుభవం గడులు తీసేసినా నష్టం లేదు.

నా దృష్టిలో మొత్తం స్కోరును అసలు ప్రకటించకూడదు. ప్రశ్నలవారీగా, తరచుదనం వేరుగా, బాధ వేరుగా చూపించాలి. మందు దొరకలేదన్న ప్రశ్న దగ్గర అంకె పెరిగితే ఆ కాగితం ఔషధ నియంత్రణ విభాగానికి వెళ్లాలి, పక్కనే ఆ మూడు నెలల మార్ఫిన్ స్టాకు రిజిస్టరు పెట్టి. రోగికి నిజం చెప్పనివ్వలేదన్న చోట పెరిగితే కుటుంబంతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇవ్వాలి, ఇంటికెళ్లే నర్సు వెంట మొదటి రెండుసార్లయినా డాక్టర్ ఉండాలి. ఒక్కరే మరీ ఎక్కువమందిని చూస్తున్నారన్న చోట పెరిగితే పోస్టు మంజూరు చేయాలి. మూడు నెలలకు మళ్లీ అదే ప్రశ్న అడగాలి. అంకె దిగితే అది మనసు మొద్దుబారి దిగిందో, మందు వచ్చి దిగిందో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది.

2019 ప్రశ్నావళి చివర్లో ఖాళీ గీతలు వదిలారు, పై ప్రశ్నల్లో లేని సందర్భం ఏదైనా ఉంటే రాయమని. అంకెలు ఎక్కించే తొందరలో ఎక్కువగా వదిలేసేది ఆ భాగాన్నే. మన దగ్గర మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. సిబ్బంది అక్కడ తెలుగులో, తమ మాటల్లో రాసినవి పోగేసి, మన ప్రశ్నావళిని వాటితోనే తయారుచేయాలి.