మహారాజశ్రీ నలభై మంది రోస్టర్ గారికి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జట్టు ఆటగాళ్ల జాబితాగా వెలసిన శ్రీ నలభై మంది రోస్టర్ గారికి టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీలో ఉన్న 40 మందీ క్షేమమని తలుస్తాను, కనీసం ఈ సాయంత్రం మీరు ఇంకో పేరు రాసుకునేదాకా.

క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని మావాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి మీ గురించి కాస్త చెప్పక తప్పదు. ప్రతి జట్టుకూ మీ దగ్గర 40 పేర్లుంటాయి. అందులో 26 మంది ఆటకు సిద్ధంగా ఉంటారు. మిగతావాళ్లు గాయాలతోనో, కింది స్థాయి మైనర్ లీగ్ ఊళ్లలోనో మీ పిలుపు కోసం ఫోన్ దగ్గర పెట్టుకుని ఉంటారు. 41వ మనిషి కావాలంటే ఉన్నవాళ్లలో ఒకడు దిగాలి. ఆ దిగేవాడి పేరు పక్కన డీఎఫ్ఏ అని, అంటే జాబితాలోంచి తీసేశామని, మూడక్షరాలు పడతాయి. ఇక ఏడు రోజుల్లో అతన్ని ఇంకో జట్టుకు ఇచ్చేయొచ్చు, వేవర్స్‌లో, అంటే మిగతా జట్ల ముందు పెట్టి ఎవరైనా తీసుకుంటారేమో చూడొచ్చు, కింది లీగ్‌కు పంపొచ్చు, లేదంటే పూర్తిగా వదిలించుకోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్న మావాళ్లకు ఉద్యోగం ఊడితే 60 రోజులు టైమిస్తారు. అది చాలదని మేం ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో గుండెలు బాదుకుంటుంటాం. మీ ఏడు రోజుల సంగతి తెలిశాక ఇమ్మిగ్రేషన్ శాఖ మీద నాకు కొత్తగా గౌరవం కలిగింది.

మీ చెయ్యి ముందుగా పడేది ఎప్పుడూ నాలుగో ఔట్‌ఫీల్డర్ మీదే. మా క్రికెట్ భాషలో చెప్పాలంటే బౌండరీ దగ్గర కాపలా కాసేవాడు. మైదానంలో ఆ చోట్లు మూడే. నాలుగోవాడు చివరి ఇన్నింగ్స్‌లో ఎవరి బదులో పరిగెత్తాలి, ఎడమచేతి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) వస్తే బ్యాట్ పట్టాలి, స్టార్ ఆటగాడి మోకాలు నొప్పెడితే రెండు రోజులు ఆడాలి. రాత్రి ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌తో తేలక పన్నెండో పదమూడో ఇన్నింగ్స్‌దాకా సాగి పిచ్చర్ల భుజాలు అయిపోయాయనుకోండి, తెల్లారేసరికి కొత్త పిచ్చర్ కావాలి, అతనికి మీలో చోటు కావాలి. అలిసిపోయింది ఒకరు, ఊరు వదిలేది ఇంకొకరు.

మీ జీతాల పద్ధతి కూడా ముచ్చటైనదే. 2025లో పైన ఆడేవాడి కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, అదీ రోజుల లెక్కన. మీలోంచి పేరు పోయి మామూలు మైనర్ లీగ్ ఒప్పందం మీద కింది లీగుల్లో పైమెట్టయిన ట్రిపుల్-ఏలో ఆడేవాడికి 2023లో కుదిరిన కనీసం 35,800. రెండిటికీ మధ్య ఒక్క ఫోన్ కాల్ దూరం. పైన 43 రోజులుంటే పింఛనుకు అర్హత, 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు. అందుకే మీ దగ్గర తిరిగేవాళ్లు తమ బ్యాటింగ్ సగటు మర్చిపోయినా సర్వీసు రోజులు మాత్రం మర్చిపోరు. మూడు ఆప్షన్ సంవత్సరాలు అయ్యేదాకా మీలోంచి పేరు తీయకుండానే వాళ్లను కిందికీ పైకీ తిప్పొచ్చు. 2022 నుంచి మాత్రం ఒక సీజన్‌లో ఐదుసార్లు మించి కిందికి పంపకూడదట. ఐదేనా! ఇంత జాలి చూపిస్తే ఆటగాళ్లు నెత్తికెక్కరూ?

మీ పుణ్యాన జరిగిన వింతల్లో నాకు బాగా నచ్చింది ఔట్‌ఫీల్డర్ జోయల్ యంగ్‌బ్లడ్‌ది. 1982 ఆగస్టు 4. మధ్యాహ్నం షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో న్యూయార్క్ మెట్స్ తరఫున దిగి, ఫెర్గూసన్ జెంకిన్స్ బంతిని కొట్టి రెండు పరుగులు తెచ్చాడు. అది మూడో ఇన్నింగ్స్. అంతలోనే పిలిచి, నిన్ను మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఇచ్చేశాం, వాళ్లు ఈ రాత్రి ఫిలడెల్ఫియాలో ఆడుతున్నారు, వెళ్లు అన్నారు. బయల్దేరాడు. గ్లవ్ మైదానంలోనే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. విమానమెక్కి, రాత్రి ఆట నడుస్తుండగా చేరి, కొత్త జెర్సీ వేసుకుని, స్టీవ్ కార్ల్‌టన్ బంతిని కొట్టి మొదటి బేస్ ఎక్కాడు. ఒకే రోజు రెండు ఊళ్లలో, రెండు జట్ల తరఫున, ఆటలో మహామహులకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కిన ఇద్దరు పిచ్చర్ల మీద హిట్లు. పొద్దున మెట్స్‌కు అక్కర్లేని మనిషి పొద్దుగూకేసరికి ఎక్స్‌పోస్‌కు కావలసినవాడయ్యాడు. మధ్యలో అతను మారిందేమీ లేదు, చొక్కా తప్ప.

ఇక ఔట్‌ఫీల్డర్ రజై డేవిస్. జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఏరుకునే డ్రాఫ్ట్‌లో 2001లో 38వ రౌండులో ఎంపికైనవాడు. అంటే ఆ ఏడాది అతనికంటే మెరుగని వెయ్యికి పైగా కుర్రాళ్లను ముందే ఏరుకున్నారన్నమాట. ఎనిమిది జట్లు తిరిగి 415 బేసులు దొంగిలించాడు, అంటే పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తాడు. ఛాంపియన్‌ను తేల్చే 2016 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, అరోల్డిస్ చాప్‌మన్ విసిరిన బంతిని స్టాండ్స్‌లోకి పంపి క్లీవ్‌లాండ్‌ను 6-6తో నిలబెట్టాడు. జట్టు చివరికి ఓడింది. అలాంటివాడు మూడేళ్లు తిరక్కుండానే మైనర్ లీగ్ ఒప్పందం మీద సిరక్యూస్ జట్టుతో పెన్సిల్వేనియాలో ఉన్నాడు. 2019 మే 22న న్యూయార్క్ మెట్స్‌లో ఒకరికి గాయమైంది. ఫోన్ మోగింది. 38 ఏళ్ల మనిషి 243 డాలర్లు పెట్టి ఊబర్ ఎక్కి న్యూయార్క్ వచ్చాడు. వచ్చేసరికి ఆట మొదలైపోయింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్యాట్ చేతికిస్తే మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. పనివాణ్ణి ఇంత చవగ్గా పిలిపించుకున్న సంస్థ ఇంకోటి ఉంటే చెప్పండి.

మీకు ఎదురు తిరిగినవాడు లేకపోలేదు. కర్ట్ ఫ్లడ్ కూడా ఔట్‌ఫీల్డరే, అదీ ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు ఏడు అందుకున్నవాడు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే, నన్ను అడక్కుండా కొనడానికీ అమ్మడానికీ నేనేమీ ఆస్తిని కానని బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే అతని ఆట అయిపోయింది. 1975 చివర్లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆటగాళ్లు జట్టు మారే హక్కు తెచ్చుకున్నారు. పెద్ద స్టార్లకు కోట్లు వచ్చాయి. మరి మన నాలుగో ఔట్‌ఫీల్డర్ సంగతి? ఆ హక్కు పూర్తిగా చేతికి రావాలంటే ఆరేళ్ల సర్వీసు కావాలి. 172 రోజులకొక ఏడాది. ఆరేళ్లు ఉండడానికి అతనికేం అభ్యంతరం లేదు, మీరు ఉండనిస్తేగా! ఫ్లడ్ పోరాటం వల్ల ఎవరికి ఎంత ఒరిగిందని ఎవరైనా అడిగితే నేను మీ పేరే చూపిస్తాను.

మా ఫ్రిస్కోలో డబుల్-ఏ ఆడతారు. మీకు రెండు మెట్లు కింద. రైట్ ఫీల్డ్ గోడ వెనక లేజీ రివర్ అని మెల్లగా పారే ఒక నీటి కాలువ ఉంది. వేసవి రాత్రుల్లో జనం ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. మా తెలుగు పిల్లలు తలతిప్పి స్కోరు కూడా చూడరు. గోడకు ఇవతల ఔట్‌ఫీల్డ్‌లో నిలబడ్డ కుర్రాడు మాత్రం ఎగిరొచ్చిన ప్రతి బంతికీ ప్రాణం పెట్టి పరిగెడతాడు. మీలో తన పేరు పడితే చాలు, ఇక జీవితానికి ఢోకా లేదనుకుంటున్నట్టుంటాడు. నేను అతనికేమీ చెప్పదలచుకోలేదు.

ఒక్క సందేహం తీర్చండి. 1994లో సమ్మె నడుస్తుండగా మిన్నెసోటా జట్టు డేవ్ విన్‌ఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చింది. 3,000 హిట్లు దాటిన మహానుభావుడు, ఆయనా ఔట్‌ఫీల్డరే. బదులు ఎవరినివ్వాలో తర్వాత చూద్దామనుకున్నారు. ఆ సీజన్ మళ్లీ మొదలవలేదు. చివరికి క్లీవ్‌లాండ్ వాళ్లు మిన్నెసోటా వాళ్లకు భోజనం పెట్టించి, బిల్లు కట్టి లెక్క తేల్చుకున్నారంటారు. ఆ భోజనం ఎంతయిందో మీ దగ్గర రసీదు ఉంటే పంపగలరు. విన్‌ఫీల్డ్‌కే అంతయితే నాలుగో ఔట్‌ఫీల్డర్‌కు కాఫీ వస్తుందో, కాఫీతోపాటు ఇడ్లీ కూడా వస్తుందో చూసుకుంటాను.

ఇట్లు,
రైట్ ఫీల్డ్ వైపు టికెట్ కొనే మీ ప్రేక్షకుడు