సమ్మె రోజున లాకరు తాళంచెవి

నాలుగో శనివారం, ఆదివారం, ఆపైన రెండు రోజుల సార్వత్రిక సమ్మె కలిసివచ్చి 2022 మార్చి చివరి వారంలో బ్యాంకులు వరుసగా నాలుగు రోజులు మూతపడతాయన్న సంగతి మా బంధువర్గంలో అందరికంటే ముందు తెలిసిన మనిషి, చెన్నై పశ్చిమ మాంబళంలో కాపురముండే మా బాబాయి. తెలియకేం? బ్యాంకు ఉద్యోగుల సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయనే సమ్మె కరపత్రంలో అచ్చుతప్పులు దిద్ది, 28, 29 తేదీలను లావు అక్షరాల్లో వేయించారు. ఆ 28వ తేదీ ఉదయమే మా చెల్లెలిని చూసుకోవడానికి నెల్లూరు నుంచి పెళ్లివారు వస్తున్నారనీ, పిన్ని నగలన్నీ బ్యాంకు లాకరులో ఉన్నాయనీ కూడా ఆయనకు తెలుసు. ఈ మూడు సంగతులూ ఆయన బుర్రలో వేర్వేరు అరల్లో పడి ఉన్నాయే తప్ప ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

ఆదివారం రాత్రి పిన్నే పలకరింపజేసింది. "ఏమండీ, ఇన్నేళ్లూ మీరు మూయించిన బ్యాంకే కదా, ఒక్క పావుగంట తెరిపించలేరా?" అని ఆవిడ అడిగిన తీరులో ప్రశ్న తక్కువ, ఆజ్ఞ ఎక్కువ.

మర్నాడు సిటీ బస్సులు చాలావరకు డిపోలు దాటలేదు. నగల సంచీ పట్టుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని బాబాయి ఆర్యగౌడ రోడ్డు వైపు నడక సాగించారు. లాకరుకు రెండు తాళంచెవులు పడితే గాని తలుపు రాదు; ఒకటి బ్యాంకువారిది, రెండోది మనది. మనది సంఘం కుర్రాళ్ల కంట పడకుండా చొక్కా లోపల బాబాయి జంధ్యానికి ముడివేసి ఉంది. (ఎర్రజెండాకూ జంధ్యానికీ ఆయన దగ్గర ఎన్నడూ తగాదా రాలేదు.)

షట్టరు ముందు నినాదాలిస్తున్న కుర్రాళ్లు పెద్దాయనను చూడగానే, మేనేజరు ఎక్కడున్నాడని ఆయన నోరు తెరిచి అడిగేలోగా, మెడలో బంతిపూల దండ వేసి చేతికి మైకు అందించారు. మైకు చూస్తే బాబాయికి ఇల్లు గుర్తుండదు. 1918లో పెరంబూరు మిల్లు కార్మికులతో మదరాసు లేబర్ యూనియన్ పుట్టడం దగ్గర మొదలుపెట్టి, 1923 మే 1న కార్మిక నాయకుడు సింగారవేలు ఇదే ఊళ్లో మేడే జరపడం మీదుగా, 29 కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల వరకు వచ్చి, ఏ పరిశ్రమలోనైనా సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనడం ఎంత అన్యాయమో వివరిస్తూ అక్కడే నిలిచిపోయారు. నేను ఖాళీ సంచీ ఎత్తి చూపిస్తే, సంఘీభావం తెలుపుతున్నాననుకుని పక్కవాళ్లు కూడా చేతులెత్తారు.

సబర్బన్ రైళ్లు నడుస్తూనే ఉన్నాయి కనుక పెళ్లివారు సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషనులో బండెక్కి మాంబళం చేరుకున్నారు. అక్కడ ఆటో దొరక్క నడిచివస్తూ, దారిలో తెలుగు యాసతో సాగుతున్న తమిళ ఉపన్యాసం వినబడితే కాసేపు ఆగారట. మేము వెనకదారిన ఇల్లు చేరేసరికి, పక్కింటి మామిగారి గొలుసు వేసుకుని పిన్ని వాళ్లకు కాఫీలు ఇస్తోంది. దండ తీయడం మరిచిపోయిన బాబాయిని చూసి పెళ్లికొడుకు తండ్రి గ్లాసు కింద పెట్టారు. ఆయనకు నెల్లూరులో రైసు మిల్లు ఉంది.

"యజమానుల మెడలు వంచాలన్నది మీరేనా బావగారూ?"

"అది బ్యాంకుల వరకేనండీ," అన్నారు బాబాయి, దండ తీయబోతూ. దండతో పాటు జంధ్యం, జంధ్యంతో పాటు తాళంచెవి బయటికి వచ్చాయి.

"నోటీసు ఇమ్మనడం అన్యాయమని గట్టిగానే చెప్పారు," అన్నారాయన నవ్వుతూ.

"అవునన్నయ్యగారూ," అంది పిన్ని, మామిగారి గొలుసు సర్దుకుంటూ. "బ్యాంకు మూసేస్తారని శుక్రవారమే నాకో ముక్క చెప్పవచ్చా? నోటీసు ఇవ్వడమంటే ఈయనకు మొదటినుంచీ గిట్టదు."