మంచు అటకలోకి కింది నుంచే వస్తుంది
అటకలో, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఖాళీలో, మంచు పేరుకుంటే పైకప్పుకు వెంట్లు (గాలి ఆడే రంధ్రాలు) పెంచాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. వెంట్లు అవసరమే, కానీ ఆ తేమ వచ్చేది కింద మనం ఉండే గదుల్లోంచి. వంట, స్నానాలు, గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్, చివరికి మన ఊపిరి కూడా. వెచ్చటి గాలి అటక మూత అంచుల్లోంచి, సీలింగ్ లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి పైకెళ్లి, చల్లటి చెక్కకు తగలగానే అందులోని తేమ గడ్డకడుతుంది. మేముండేది అమెరికాలో చలి బాగా ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో. ఒక జనవరిలో మైనస్ 30 చలి వారం రోజులు వదల్లేదు. టార్చి పట్టుకుని అటక ఎక్కి చూస్తే పైకప్పు మేకుల ప్రతి మొనకీ తెల్లటి మంచు గుత్తి, చెక్క మీద ఉప్పు చల్లినట్టు పొర. ఎండ కాసిన రోజు అదంతా కరిగి పిల్లల గది సీలింగ్ మీద టీ రంగు మరక పడింది. పైకప్పు కారుతోందని ఒక కాంట్రాక్టర్ పెద్ద ఖర్చే చెప్పాడు. తీరా చూస్తే బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిపోయి, ఆవిరంతా అటకలోకే పోతోంది! గొట్టాన్ని బయటిదాకా బిగించి, వైర్ల చుట్టూ సందుల్లో ఫోమ్ కొట్టించి, అటక మూతకు రబ్బరు పట్టీ వేశాం. బాగా చలి ముదిరితే ఇంట్లో తేమ 30 శాతం దాటనివ్వం, అన్నం ఉడుకుతున్నంతసేపూ పొయ్యి మీది ఫ్యాన్ తిరగాల్సిందే. ఇంకొక్క మాట. సందులు మూయకుండా అటకలో కరెంటు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం పెట్టించకండి, అది ఇంట్లోని వెచ్చటి గాలిని ఇంకా పైకి లాగుతుంది. మా పక్కింటివాళ్లు అలాగే పెట్టించి, తర్వాతి చలికాలం తడిసిన ఇన్సులేషన్ (వేడి పోకుండా అటకలో పరిచే పొర) మొత్తం తీయించుకున్నారు.