మోకాలిని ఇరికించి తప్పించుకున్న మా అమ్మ కుడి తుంటికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా అమ్మ కుడి తుంటి కీలు గారికి, వాళ్ళమ్మాయి రాయునది ఏమనగా,

అలవాటు కొద్దీ గారూ అని మొదలెట్టేశాను గానీ నీకంత సీన్ లేదు, ఏకవచనంలోనే మాట్లాడుకుందాం. తప్పు చేసింది నువ్వు, శిక్ష పడింది మోకాలికి. ఏళ్ళ తరబడి ఆ మోకాలికి నువ్వుల నూనె, మహానారాయణ తైలం, వావిలాకు కాపడం, సాగే బెల్టు, మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన ఘాటు వాసన ట్యూబులు, అన్నీ అయ్యాయి, పాపం దానికి నోరుంటే "నేను కాదమ్మా, పైనున్నాడే వాడ్ని అడుగు" అనేది. నువ్వేమో అన్ని కండల వెనకాల, చేత్తో తడిమినా దొరకనంత లోపల కూర్చుని నాకేం తెలీదన్నట్టు ఉన్నావ్.

నీకూ మోకాలికీ కలిపి ఆబ్చురేటర్ అని ఒక నరం నుంచి కొమ్మలు వస్తాయట, నువ్వు పెట్టే గోలని మెదడు ఒక్కోసారి మోకాలి గోల అనుకుంటుందట. "తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయి" అని మనవాళ్ళు ఎగతాళికి అనేవాళ్ళు గానీ పైకి కాకుండా కాస్త కిందకి చూసి మోకాలు అని ఉంటే అచ్చంగా వైద్యశాస్త్రమే అయిపోయేది.

అసలు మోకాలికున్న పేరు చూసుకునే నీకింత ధైర్యం వచ్చిందని నా అనుమానం. మన దగ్గర కాళ్ళ నొప్పులంటే మోకాళ్ళ నొప్పులే, టీవీలో పొద్దున్నే వచ్చే ప్రకటనలన్నీ దానివే. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం ఉంది, రామానుజులవారు ఆ కొండని కాలితో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెప్తారు, ఇప్పటికీ జనం అక్కడ అలాగే ఎక్కుతారు. తుంటి పర్వతం ఎక్కడుందో చెప్పు చూద్దాం? ప్రభుత్వం వారు కూడా 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకే గరిష్ఠ ధర కట్టారు, ఆ ఉత్తర్వులో నీ ఊసే లేదు. ఎవరూ పట్టించుకోని చోటున కూర్చుంటే ఎంత పని చేయొచ్చో నిన్ను చూసే నేర్చుకోవాలి.

నీ పద్ధతి కూడా మామూలు పద్ధతి కాదు. తొడ ఎముక పైన బంతి, కటి ఎముకలో గిన్నె, రెంటికీ మధ్య జారుడుగా గుజ్జు. ఆ గుజ్జులో నరాలుండవు, రక్తనాళాలూ ఉండవు. నరాలు లేవు కాబట్టి అరుగుతున్నప్పుడు మనిషికి తెలీదు, రక్తం అందదు కాబట్టి అరిగింది మళ్ళీ పూడదు. ఒంటికాలి మీద నిలబడితే నీ మీద పడేది ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు, మరి నడకంటే అడుగడుగునా ఒంటికాలి మీద నిలబడటమే కదా. కాబట్టి నీకు పని ఎక్కువైన మాట ఒప్పుకుంటాను, కానీ చెప్పాలి కదా, నోటీసన్నా ఇవ్వాలి కదా?

నువ్వు ఇచ్చిన నోటీసల్లా గజ్జలో కాస్త పట్టేసినట్టు, కూర్చుని లేస్తే నాలుగడుగులు బిగుసుకుని తర్వాత మామూలే. ఆ తర్వాత ఒక్కొక్కటీ జప్తు చేయడం మొదలెట్టావ్. ముందు కత్తిపీట పోయింది, కింద కూర్చుని ములక్కాడలు టకటకా తరిగే మనిషి గట్టు దగ్గర నిలబడి చాకుని తిట్టుకుంటూ తరగడం. తర్వాత ముగ్గు పోయింది, ధనుర్మాసంలో మా వాకిట్లో స్టిక్కర్ ముగ్గు పడింది, అమ్మ వారం రోజులు ఆ గుమ్మంలోంచి బయటికి చూడలేదు. తర్వాత పల్లెవెలుగు బస్సు మెట్టు. శ్రావణ శుక్రవారం ఎడమ పాదానికి నిండుగా పసుపు, కుడి పాదం దాకా చెయ్యి అందక వేళ్ళ మీద ఏదో చిలకరించినట్టు ఉండేది, ఆ ఒక్క పసుపు చూసి కూడా నిన్ను పట్టేసుకోవచ్చు, కానీ చూసినవాళ్ళంతా మోకాలు వంగట్లేదు పాపం అన్నారు. కుడి కాలి గోళ్ళు మా నాన్నే తీసేవారు, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా కాళ్ళు పట్టుకున్నది ఇందుకే అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇక చుట్టాల వైద్యం. ఒకరు వాతం అన్నారు, ఒకరు గ్యాస్ కిందకి దిగింది అన్నారు, కాస్త చదువుకున్నవాళ్ళు సయాటికా అన్నారు, బాబాయ్ అయితే పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిద్దాం అని కారు కూడా మాట్లాడేశాడు, పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి బాబాయ్, ఇక్కడేం విరగలేదు అంటే "అన్నీ నీకే తెలుసు" అన్నాడు. కర్ర విషయం ఇంకో ప్రహసనం. నొప్పి కుడి కాలు కాబట్టి కర్ర కుడి చేత్తో పట్టుకోమని వీధి వీధంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. అసలు పట్టుకోవాల్సింది ఎడమ చేత్తో, కుడి కాలు మీద భారం పడే క్షణంలోనే అటుపక్క కర్ర కూడా నేలకి ఆని నీ బరువు పంచుకోవాలి. ఫిజియో అమ్మాయి వచ్చి చేయి మార్పిస్తే అమ్మ అంది కదా, "చూసేవాళ్ళు నాకు రెండు కాళ్ళూ పోయాయనుకుంటారే" అని.

ఒక ఆస్పత్రిలో మోకాలికి ఎక్స్‌రే తీసి, వయసుకి తగ్గ అరుగుదలే అని ఆ మోకాల్లోనే ఇంజెక్షన్ కూడా పొడిచారు. అప్పుడు నువ్వు లోపల ఎంత నవ్వుకున్నావో. చివరికి నిన్ను పట్టుకున్న డాక్టరు చేసింది రెండు నిమిషాల పని, అమ్మని పడుకోబెట్టి మోకాలు మడిచి పాదాన్ని బయటవైపుకి తిప్పారంతే, తొడ లోపలికి తిరగాల్సింది తిరగనంది, అమ్మ కెవ్వుమని గజ్జ పట్టుకుంది. "సాక్స్ వేసుకోగలుగుతున్నారా అమ్మా?" అని అడిగారు, "నేను సాక్స్ వేసుకోను డాక్టరు గారూ, పెళ్ళికి కూడా వేసుకోలా" అంది. ఆయన తప్పేం లేదు, తుంటి పనితీరుకి మార్కులేయడానికి 1969లో అమెరికాలో హారిస్ అనే డాక్టరు తయారుచేసిన స్కోరులో ఆ ప్రశ్న ఉంది, బూట్లూ సాక్సూ వేసుకోగలరా అని. పీట మీద బాసింపట్టు వేయగలరా, కాళ్ళకి పసుపు రాసుకోగలరా అని అమెరికాలో ఎవరు అడుగుతారు.

ఎక్స్‌రేలో నీ బండారం బయటపడింది. బంతికీ గిన్నెకీ మధ్య ఉండాల్సిన నల్లటి సందు లేదు, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, అంచుల్లో ముళ్ళు పెరిగాయి, లోపల చిన్న చిన్న గుంటలు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అని ఇద్దరు ఎక్స్‌రేలో కనపడే కీళ్ళ అరుగుదలకి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులు పెట్టారు, నీకు నాలుగు వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ రాని డిస్టింక్షన్. గుజ్జు పెంచుతుందని కొన్న పొడి డబ్బాలు చూపిస్తే డాక్టరు "పాలల్లో కలుపుకుంటే పాలు మంచివి" అన్నారు.

నిన్ను మార్చడానికి మనుషులు పడ్డ తిప్పలు చెప్తే నీకింకా పొగరెక్కుతుంది, అయినా చెప్తా. 1891లో గ్లుక్ అనే జర్మనీ డాక్టరు నీ బదులు ఏనుగు దంతంతో చేసింది పెట్టాడు. 1923లో బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ అనే డాక్టరు బంతికి గాజు తొడుగు వేశాడు, పగిలింది. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ టెఫ్లాన్ గిన్నె పెట్టాడు, కొన్నేళ్ళకే అరిగి పొడై చుట్టూ కండ పాడైంది, ఆ పొడి నిజంగా హాని చేస్తుందా అని తన తొడలోకి తానే ఎక్కించుకున్నాడు మహానుభావుడు. ఆ తర్వాత లాంకషైర్ నేత మగ్గాల పళ్ళచక్రాలకి వాడే ప్లాస్టిక్ ఒకటి ఒక సేల్స్‌మన్ తెస్తే చార్న్‌లీకి నచ్చలేదు, ఆయన ఊళ్ళో లేనప్పుడు ల్యాబ్‌లో పనిచేసే హ్యారీ క్రేవెన్ దాన్ని అరుగుదల మెషీన్‌కి ఎక్కించేశాడు, అరగలేదు. 1962 నుంచి చార్న్‌లీ పెట్టినవి ఆ ప్లాస్టిక్ గిన్నెలే. నేతపనివాళ్ళ సామాను లేకపోతే ఇవాళ మా అమ్మ లేచి నిలబడేది కాదన్నమాట.

ఆస్పత్రి కౌన్సిలర్ నగల షాపులోలా ట్రే పెట్టి చూపించింది, ఇది మెటల్ బంతి, ఇది గులాబీ రంగు సెరామిక్, ఇది మామూలు ప్లాస్టిక్, ఇది క్రాస్‌లింక్డ్ అని త్వరగా అరగని రకం ప్లాస్టిక్, ప్యాకేజీ రేటు దాన్ని బట్టి మారుతుందండీ అని. 2010లో ఒక పెద్ద కంపెనీ మెటల్ మీద మెటల్ రాసుకునే రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచిన సంగతి నేను అడిగితే "అవి ఇప్పుడు మేం వాడట్లేదు మేడమ్" అని ట్రే మూసేసింది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం వంద తుంటి మార్పిళ్ళలో 58 దాకా 25 ఏళ్ళు నిలబడతాయట, అది విని అమ్మ "అయితే నా తర్వాత కూడా ఉంటుందిగా, ఎవరి పేరున రాయాలి?" అంది. చార్న్‌లీ అయితే, మీరు పోయాక నేను పెట్టిన తుంటి నాకు తిరిగివ్వండి, ఎంత అరిగిందో చూసుకుంటాను అని పేషెంట్ల దగ్గర ముందే మాట తీసుకునేవాడు.

ఆపరేషన్ వెన్నులో మత్తిచ్చి చేశారు, కాబట్టి అమ్మకి నొప్పి లేదు గానీ చప్పుళ్ళన్నీ వినబడ్డాయి. నీ మెడ కోసి బంతి తీసేసి, గిన్నెని కొబ్బరి కోరినట్టు గుండ్రంగా కోరి, కొత్త టైటానియం గిన్నె సుత్తితో దిగ్గొట్టి, అందులో ఆ ప్లాస్టిక్ గిన్నె అమర్చి, తొడ ఎముకలోకి కాడ దింపారు. "లోపల వడ్రంగి పని జరుగుతుంటే నేను విష్ణు సహస్రనామం చదువుకున్నా, సుత్తి ఆగినప్పుడల్లా లెక్క తప్పింది" అని అమ్మ కంప్లైంట్. మర్నాడే వాకర్‌తో నిలబెట్టి నడిపించారు. పక్క బెడ్ మీద ఉన్నది ముప్ఫై దాటని కుర్రాడు, స్టెరాయిడ్లు వాడాక బంతికి రక్తం ఆగి ఎముకే చచ్చిపోయిందట. యూరప్‌లోలా ముసలితనంతో అరిగే తుంట్లు మన దగ్గర తక్కువ, ఇలాంటివే ఎక్కువ. అమ్మ అతనికి తన యాపిల్స్ అన్నీ ఇచ్చేసింది, వాళ్ళమ్మకి మాత్రం మోకాలి కథ మొత్తం చెప్పింది.

ఇంటికొచ్చాక పరామర్శలు. వచ్చిన ప్రతి ఒక్కరి మొదటి ప్రశ్న "ఎక్కడ పడ్డారండీ, బాత్రూమ్‌లోనా?" పడలేదండీ, అరిగింది అంటే నమ్మరు, పెద్దవాళ్ళ తుంటి బాత్రూమ్‌లో విరగాలి, అంతే. కొత్తదానికి రూల్స్ ఉన్నాయి, కొన్నాళ్ళు ఎత్తు కుర్చీ, కాళ్ళ మధ్య దిండు, కాలు మీద కాలు వేయకూడదు, నేల మీద కూర్చోవడం వద్దు. కత్తిపీట అటక ఎక్కింది. మోకాలి నొప్పి ఆపరేషన్ నాటి నుంచే లేదు, ఆ మోకాలికి ఇంతవరకూ ఎవ్వరూ సారీ చెప్పలేదు.

నీ బంతి మాత్రం 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం పసుపు కవర్లో కాల్చడానికి వెళ్ళింది, కాబట్టి ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఒక కాపీ ఎడమ తుంటికి పంపిస్తున్నాను, అదే ఎక్స్‌రేలో దాని గ్రేడు రెండు అని కనపడింది, ఈమధ్య అమ్మ ఎడమ మోకాలు నొప్పి అంటోంది. ఈసారి నూనె సీసా నా దగ్గరుంది, తాళం వేసి.

ఇట్లు
అమ్మ కూతురు