తలుపు తీసిన మిజోరానికి తోడెవరు?

మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. నెల తిరిగేసరికి మిజోరం సరిహద్దులోని తియావు నది దాటి జనం రావడం మొదలైంది. ముందు వచ్చినవాళ్లలో పోలీసులు కూడా ఉన్నారు. నిరసన తెలుపుతున్న సొంత జనం మీద తుపాకీ పేల్చమంటే చేతులు రాక పారిపోయి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల వెనకే పిల్లాపాపలతో కుటుంబాలు వచ్చాయి. మార్చిలో కేంద్ర హోంశాఖ సరిహద్దు రాష్ట్రాలకు లేఖ రాసి ఎవరినీ రానివ్వొద్దంది, విదేశీయులకు శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని కూడా గుర్తుచేసింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ఆ మాట మిజోరానికి సమ్మతం కాదని నేరుగా ప్రధానికే రాశారు. ఆ తర్వాత ముప్పై వేలకు పైగా జనం ఆ చిన్న రాష్ట్రంలో తలదాచుకున్నారు.

ఈ సంఖ్య ఎంత పెద్దదో దూరం నుంచి చూస్తే తెలియదు. 2011 లెక్కల ప్రకారం మిజోరం జనాభా పదకొండు లక్షలు కూడా లేదు. ఆ లెక్కన తెలంగాణకు పది లక్షల మంది పరాయి దేశస్థులు వచ్చిపడినట్టు. మన దగ్గర అంతమంది వస్తే ఎంత గొడవ, ఎంత టెన్షన్ ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. మిజోరంలో పెద్ద గొడవేమీ జరగలేదు. చంఫాయి, సియాహా, లాంగ్‌త్లాయి జిల్లాల్లోని ఊళ్లు తమ చర్చి హాళ్లు, బడులు, ఖాళీ ఇళ్లు ఇచ్చాయి. యంగ్ మిజో అసోసియేషన్ కుర్రాళ్లు వెదురు నరికి గుడిసెలు వేశారు. ఆ సమాజంలో ఇలాంటి పని ఒక్కరోజులో పుట్టింది కాదు. మిజో క్రైస్తవ ఇళ్లలో అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు 1910 నుంచీ ఉంది. అలా పోగైన బియ్యాన్ని అమ్మి సంఘం పనులకు వాడతారు. చేయి అలా అలవాటు పడినచోట గుప్పెడు గింజలు ఎక్కువ తీయడం కష్టమనిపించదు.

2021 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మయన్మార్ సైన్యం మిజోరం పక్కనే ఉన్న చిన్ రాష్ట్రంలోని థాంత్లాంగ్ పట్టణం మీద ఫిరంగులు పేల్చింది. ఒక్క అక్టోబరు 29నే నూట అరవైకి పైగా ఇళ్లు తగలబడ్డాయి. పదివేల జనాభా ఉన్న ఊరు దాదాపుగా ఖాళీ అయింది. 2023 నవంబరులో తిరుగుబాటు దళాలు సరిహద్దు ఆవలి సైనిక స్థావరాలపై దాడి చేస్తే, సైన్యం వైమానిక దాడులకు దిగింది. అప్పుడు రెండు మూడు రోజుల్లోనే దాదాపు ఐదు వేల మంది నది దాటి మిజోరం సరిహద్దు ఊరు జోఖావ్థార్ చేరారు. స్థావరాలు పోగొట్టుకున్న మయన్మార్ సైనికులు కూడా పదుల సంఖ్యలో ఇటే వచ్చారు. బాంబులకు భయపడి వచ్చినవాళ్లకూ, ఆ బాంబులు వేసిన సైన్యం మనుషులకూ అదే గడ్డ మీద ప్రాణభిక్ష దొరికింది. సైనికులను భారత ప్రభుత్వం కొద్దిరోజుల్లోనే హెలికాప్టర్లలో తరలించి వెనక్కి పంపేసింది. మిగిలినవాళ్లకు తిరిగి వెళ్లే చోటే లేకపోయింది.

ఆపైన 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చి మాండలే, సగాయింగ్ ప్రాంతాలను కూల్చేసింది. మూడున్నర వేల మందికి పైగా చనిపోయారు. మన దేశం ‘ఆపరేషన్ బ్రహ్మ’ పేరుతో సహాయ బృందాలను, మాండలేకు సైనిక ఆసుపత్రిని పంపింది. అది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిన పని. కానీ శిథిలాల కింద మనుషులు ఉండగానే అక్కడి సైన్యం వైమానిక దాడులు ఆపలేదు. కూలిన ఇంట్లో ఉన్నవాడికి మందులు పంపిన దేశం, అదే మనిషి గడప దాకా వస్తే నువ్వు అక్రమ వలసదారువి అనడం ఏం న్యాయం? విపత్తు వచ్చినప్పుడు సాయం పంపడం ఎంత బాధ్యతో, పారిపోయి వచ్చినవాడిని నిలబెట్టడం కూడా అంతే బాధ్యత అని మా అభిప్రాయం.

దీనికి వినిపించే మొదటి అభ్యంతరం, మిజోలు ఆదరించింది తమ రక్తసంబంధీకులను, అందులో గొప్పేముంది అని. చిన్ రాష్ట్రం నుంచి వచ్చిన చిన్‌లూ మిజోలూ ఒకే జో జాతి వాళ్లన్నది నిజమే. మిజోలు పవిత్రంగా చూసుకునే రిహ్ దిల్ సరస్సు ఇప్పటికీ మయన్మార్ వైపే ఉంది. 1966 మార్చిలో మిజోరం రాజధాని ఐజ్వాల్‌పై మన వైమానిక దళమే బాంబులు వేసినప్పుడు మిజోలు అడవులు పట్టుకుని ఆవలి కొండలకు పారిపోయారు. ఆ రుణం వాళ్లు మరచిపోలేదు. అయితే బంధుత్వం ఒక్కటే కారణమైతే 2003ను ఏమనుకోవాలి? ఒక అత్యాచార ఘటనలో నిందితుడు మయన్మార్ వాసి అన్న ఆరోపణ రాగానే అదే మిజోరంలో చిన్‌లను ఇళ్లు ఖాళీ చేయించి వేల మందిని సరిహద్దు దాటించారు. అప్పుడూ రక్తం అదే, భాషలూ అవే. కాబట్టి 2021లో తలుపు తెరిపించింది బంధుత్వమొక్కటే కాదు. చర్చీలు, యువజన సంఘం, గ్రామ మండళ్లు, ప్రభుత్వం కూర్చుని తీసుకున్న నిర్ణయం అది. నిర్ణయం కాబట్టే ఇతరులూ తీసుకోవచ్చు. ఎప్పుడైనా తారుమారూ కావచ్చు, అదే మా భయం.

రెండో అభ్యంతరం కూలీ గురించి. ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తక్కువ కూలికి పనిచేసేవాడు పక్కనే ఉంటే స్థానిక కూలీకి కడుపు మండుతుంది. ఆ మంట ఎలాంటిదో తెలుగువాళ్లకు చరిత్ర ఉంది. 1930 మేలో బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మెకు దిగారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవ్‌డోర్ కంపెనీలు వాళ్ల బదులు బర్మీయులను పనిలోకి దింపాయి. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మీయులను పొమ్మన్నాయి. పొట్టచేత పట్టుకుని వచ్చిన రెండు వర్గాలూ రేవులోనే కలబడ్డాయి, వంద మందికి పైగా చనిపోయారు. చనిపోయిన వాళ్లలో అత్యధికులు మనవాళ్లే. గొడవకు మూలం వలస అని అప్పుడూ అన్నారు. కానీ ఒకరిని చూపించి ఇంకొకరి కూలి తగ్గించిన కంపెనీల జోలికి ఎవరూ వెళ్లలేదు. చంఫాయిలో అలా జరగకూడదంటే శరణార్థికి పని చేసుకునే అనుమతి, స్థానికుడితో సమానమైన కూలి ఉండాలి. దొంగచాటుగా పనిచేసేవాడే చౌకగా దొరుకుతాడు.

జోఖావ్థార్ దారిలో హెరాయిన్, మెథాంఫెటమిన్ మత్తు మాత్రలు తరచూ పట్టుబడుతున్నాయన్నదీ నిజమే. ఆ వ్యాపారం శరణార్థుల కంటే ముందు నుంచీ ఉంది. ఊరూ పేరూ లేని మనిషినే స్మగ్లర్లు వాడుకుంటారు, పేరు, ఫొటో, వేలిముద్ర ఉన్నవాడిని వాడుకోవడం కష్టం. ఇంతకుముందు బయోమెట్రిక్ నమోదుకు ఒప్పుకోని మిజోరం, జోరంథంగా తర్వాత ముఖ్యమంత్రి అయిన లాల్‌దుహోమా హయాంలో 2025లో దాన్ని మొదలుపెట్టింది. ఇది మంచి మార్పే. అయితే ఆ నమోదు తర్వాత ఏంటన్నది ముఖ్యం. వేలిముద్రలు తీసుకున్నది రేపు వెనక్కి పంపడానికే అని జనానికి అనుమానం వస్తే ఎవరూ ముందుకు రారు. ఆ కార్డు చూపిస్తే బడి, ఆసుపత్రి, పని దొరుకుతాయని తెలిస్తే అడక్కుండానే వచ్చి వేలు పెడతారు. 2021 ఆగస్టులోనే మిజోరం విద్యాశాఖ ఆరు నుంచి పద్నాలుగేళ్ల శరణార్థి పిల్లలను బడుల్లో చేర్చుకోమంది, విద్యాహక్కు చట్టాన్నే అందుకు ఆధారంగా చూపింది. కేంద్రం చెప్పేదాకా ఆగి ఉంటే ఆ పిల్లలకు ఇన్నేళ్ల చదువు పోయేది.

తెలుగు పత్రికకు ఈ సంగతి ఎందుకు అని ఎవరైనా అడిగితే, జవాబు ఉత్తరాంధ్రలోనే ఉంది. రేవుల్లో బస్తాలు మోస్తూ, ధాన్యం మిల్లుల్లో పనిచేస్తూ, రిక్షాలు లాగుతూ బతకడానికి ‘రంగం’ (రంగూన్) వెళ్లినవాళ్ల కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. 1931 నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ నగరంపై బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారని అంచనా. చాలామంది కాలినడకనే సరిహద్దులోని టమూ పట్టణం మీదుగా మణిపూర్ కొండలెక్కి దిమాపూర్ రైలు అందుకోవడానికి నడిచారు. మంచి దారులు తెల్లవాళ్లకు, కూలీలకు వేరే దారి. వానలు, మలేరియా, కలరా తోడై వేల మంది నడిచిన చోటే ఒరిగిపోయారు. బతికి బయటపడ్డవాళ్లకు అస్సాం, మణిపూర్ శిబిరాల్లో గంజి, మందులు దొరికాయి. ఆ దారి వెంట ఉన్న కొండల ఊళ్లు ఎవరు నువ్వు, కాగితం ఏది అని అడిగి ఉంటే ఎంతమంది మిగిలేవాళ్లు?

మళ్లీ 1962లో జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. 1964లో యాభై, వంద చాట్ల (బర్మా కరెన్సీ) నోట్లు రద్దు చేసింది. తరాలుగా అక్కడే ఉన్నవాళ్లు కూడబెట్టింది అక్కడే వదిలి ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అలా వెలిసిందే. వాళ్లను ‘బర్మా కాందిశీకులు’ అన్నారు. చాలామందికి అక్కడ పుట్టడమే తప్ప ఇక్కడి ఊళ్లతో పరిచయం లేదు, పిల్లల నోట తెలుగు కంటే బర్మీస్ ముందు వచ్చేది. ఇవాళ ఆ పేటల్లో మనవలు, మునిమనవలు ఉద్యోగాలు చేస్తున్నారు, ఓట్లు వేస్తున్నారు. వాళ్లకు అప్పుడు దక్కిన పౌరసత్వం చిన్‌లకు దక్కదు, అడగట్లేదు కూడా. ఊళ్లో యుద్ధం ఆగేదాకా ఉండనివ్వమంటున్నారు, అంతే.

ఇక మన ఇంటి ముందు సంగతి. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల మయన్మార్‌లోని రఖైన్ నుంచి వచ్చిన కొన్ని వేల మంది రోహింగ్యా ముస్లింలు ఏళ్ల తరబడి ఉంటున్నారు. వాళ్లను తరిమింది కూడా చిన్‌లను తరిమిన సైన్యమే. వాళ్లను ఎన్నికల ప్రసంగాలకు ముడిసరుకుగా వాడుకోవడం ఈ నగరానికి పరిపాటి అయింది. నేరం చేసినవాడిని పేరుతో పట్టుకోండి, శిక్షించండి, అందులో మాకు రెండో మాట లేదు. జాతి మొత్తాన్నీ నేరస్థులనడం మాత్రం 2003లో మిజోరం చేసిన తప్పునే మనం చేయడం. మతాన్ని బట్టి ఒకరిని శరణార్థి అనీ ఇంకొకరిని చొరబాటుదారు అనీ పిలిచే కొలత మాకు సమ్మతం కాదు.

చట్టం మాటకొస్తే మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఉన్నవి కోర్టు తీర్పులు, అవీ ఒక్క దారిలో లేవు. 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందంది. 2021 మేలో మణిపూర్ హైకోర్టు, పారిపోయి వచ్చిన ఏడుగురు మయన్మార్ వాసులు ఢిల్లీ వెళ్లి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థను ఆశ్రయించడానికి అనుమతిచ్చింది. దానికి నెల ముందే జమ్మూలోని రోహింగ్యాల కేసులో, పంపించివేతను ఆపడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. ఒకే దేశం నుంచి వచ్చిన మనిషి ఏ రాష్ట్రంలో అడుగుపెట్టాడన్నదాన్ని బట్టి బతుకు మారిపోతోంది. శశి థరూర్ 2015లో లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. ప్రభుత్వమే సొంతంగా ఒకటి తేవాలి.

అంతకంటే ముందు డబ్బు సంగతి తేలాలి. మిజోరం సొంత ఆదాయం తక్కువ, కేంద్ర నిధుల మీదే ఆధారపడిన రాష్ట్రం. 2023లో మణిపూర్ అల్లర్ల నుంచి వేల మంది కుకీ తెగవాళ్లు వచ్చారు, అంతకుముందే బంగ్లాదేశ్ నుంచి బామ్ తెగవాళ్లు రావడం మొదలైంది. అందరికీ అదే బియ్యం, అదే టార్పాలిన్. కేంద్రం నుంచి అప్పుడప్పుడూ వచ్చిన సాయం ఏ మూలకూ చాలలేదు. చర్చి చందాలు ఏళ్ల తరబడి నడవవు. ఇచ్చేవాళ్లు అలిసిపోయిన రోజున కోపం వచ్చేది కేంద్రం మీద కాదు, గుడిసెలో ఉన్నవాడి మీద.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వాళ్లు వచ్చే సమావేశాల్లో అడగాల్సినవి ఇవి: శరణార్థులను పోషిస్తున్న సరిహద్దు గ్రామాలకు ఏటా ఏ పద్దు కింద ఎంత ఇస్తారు? బయోమెట్రిక్ కార్డు ఉన్నవారికి తాత్కాలిక పని అనుమతి ఎప్పటికి వస్తుంది? యుద్ధం నడుస్తుండగా ఎవరినీ బలవంతంగా వెనక్కి పంపబోమని సభలో రాతపూర్వకంగా చెబుతారా?