"డిగ్రీ దండగ" అని ఫార్వర్డ్ చేస్తున్నవాళ్లకు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన కర్నూలు, ఆదోని గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చుట్టాల గ్రూపులో వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, నిన్న మా వీధి నీళ్ల ట్యాంకర్ గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తాను. బిల్ గేట్స్, జుకర్‌బర్గ్ కాలేజీ మానేసినవాళ్లే. నిరుద్యోగులు ఎక్కువున్నది చదువుకున్నవాళ్లలోనే. కాలేజీకి పోసే లక్షలతో షాపు పెట్టుకుంటే మనమే నలుగురికి పని ఇవ్వొచ్చు. కావాల్సిందంతా యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంది. ఆడపిల్లకైతే అసలే వద్దు, చదివేకొద్దీ కట్నం పెరుగుతుంది. చివర్లో, నిజమనిపిస్తే పదిమందికి పంపండి అని.

నాకు నిజమనిపించలేదు. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న పిల్లలు, ఏం చేయాలో తోచని వాళ్ల అమ్మానాన్నలు కూడా ఇదే చదువుతున్నారు కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు గేట్స్ సంగతి. ఆయన 1975లో మానేసింది హార్వర్డ్‌ని, అంటే ముందు అక్కడ సీటు తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న పేరున్న లాయరు. 1968లో, కంప్యూటర్ అంటే పెద్ద పెద్ద సంస్థలకే ఉన్న రోజుల్లో, ఆయన చదివిన ప్రైవేటు స్కూల్లో పిల్లలు నేర్చుకోవడానికి కంప్యూటర్ టెర్మినల్ ఉండేది. జుకర్‌బర్గ్ 2004లో ఫేస్‌బుక్ మొదలుపెట్టింది హార్వర్డ్ హాస్టల్ గదిలో, కలిసి పనిచేసింది అక్కడి స్నేహితులు, మొదట వాడింది అక్కడి విద్యార్థులు. గేట్స్ తర్వాత మైక్రోసాఫ్ట్‌ని నడిపిన స్టీవ్ బామర్ కూడా గేట్స్‌కి హార్వర్డ్‌లో పరిచయమైనవాడే. కాలేజీ వాళ్లకు చేయాల్సిన మేలు చేసిన తర్వాతే వాళ్లు బయటికొచ్చారు. మానేసినా పస్తులుండే పరిస్థితి వాళ్ల ఇళ్లల్లో లేదు.

ఇప్పుడు అదే మైక్రోసాఫ్ట్‌ని 2014 నుంచి నడుపుతున్నది సత్య నాదెళ్ల. వాళ్ల నాన్న యుగంధర్ గారిది మన అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం, ఆయన ఐఏఎస్ అధికారి. నాదెళ్ల మణిపాల్‌లో ఇంజనీరింగ్ చేసి, అమెరికా వెళ్లి ఎం.ఎస్., తర్వాత షికాగోలో ఎంబీయే చేశారు. మానేసినవాళ్ల పేర్లు రాసిన మనిషికి ఆ కంపెనీని ఇప్పుడు నడుపుతున్న మన సీమ మూలాలున్న మనిషి పేరు గుర్తు రాలేదు.

రెండోది, నిరుద్యోగం. ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. కేంద్ర ప్రభుత్వ లేబర్ ఫోర్స్ సర్వేలో 2022-23కి గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 13.4 శాతం, చదువు రానివాళ్లలో అంత లేదు. కానీ ఆ లెక్కలో నిరుద్యోగి అంటే పని కావాలని వెతుకుతూ దొరకనివాడు. మన ఆదోని చుట్టుపక్కల కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద వైపు చూడండి, చేలల్లో పని అయిపోగానే ఇంటికి తాళం వేసి, బడికి పోయే పిల్లల్ని కూడా వెంటేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే వలస పనికి, పోతారు. ఆ కుటుంబాలన్నీ సర్వే లెక్కలో పని ఉన్నవాళ్లే. వాళ్లకు ఒక నెల ఖాళీగా కూర్చునే వీలు లేదు, అందుకే నిరుద్యోగుల జాబితాలో కనపడరు. దాన్ని చూపించి చదువు లేనివాళ్లు నయం అంటే ఎలా ఒప్పుకుంటాం?

ఇంకో లెక్క కూడా ఉంది. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2023లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 25 ఏళ్లలోపు గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 42 శాతం, అదే 35 దాటినవాళ్లలో 5 శాతం లోపే. అంటే డిగ్రీ అవగానే రెండు మూడేళ్లు కష్టంగానే ఉంటుంది, టెన్షన్ ఉంటుంది, చుట్టాలు అడిగే ప్రశ్నలుంటాయి. ఆ తర్వాత చాలామంది ఎక్కడో ఒకచోట కుదురుకుంటున్నారు. వచ్చిన ఉద్యోగం చదువుకు తగ్గదా అన్నది వేరే గొడవ, దాని మీద ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిందే.

పైగా అర్హత సంగతి. పోలీసు కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, ఎస్సై కావాలంటే డిగ్రీ ఉండాలి. గుంతకల్లు పిల్లలకు రైల్వే అంటే ప్రాణం, అక్కడ టికెట్ క్లర్కుకి ఇంటర్ సరిపోతుంది, స్టేషన్ మాస్టర్‌కి డిగ్రీ అడుగుతారు. గ్రూప్-2కి డిగ్రీ, బ్యాంకులో క్లర్కుకీ డిగ్రీయే. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా కౌంటర్ దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చురుకైనవాళ్లు, లెక్కలు నోటితో చేసేవాళ్లు ఎంతమందో, నోటిఫికేషన్ పడినప్పుడు వయసు సరిపోయి, తెలివి సరిపోయి, అర్హత అన్న చోట ఆగిపోతారు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక షాపు. ఏ లక్షలు అన్నా? ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు వేలల్లోనే ఉంటుంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, డబ్బులు ఆలస్యంగా పడి కాలేజీలు పిల్లల్ని సతాయిస్తున్న మాట నిజమే అయినా పథకమైతే ఉంది. సంక్షేమ హాస్టళ్లున్నాయి. కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972 నుంచి హాస్టల్‌తో సహా నడుస్తోంది. ఇలా చదివే పిల్లల ఇళ్లల్లో కాలేజీ మాన్పిస్తే మిగిలే లక్షలేవీ లేవు, షాపు పెట్టడానికి. ముద్ర లోన్ తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకోండి, మంచిదే. కానీ వ్యాపారం నడవకపోతే సరుకు పోయి కంతులు మిగులుతాయి. ఆదోనిలో కాటన్ కమీషన్ వ్యాపారుల ఇళ్లు చూడండి, తరాలుగా గద్దె మీద కూర్చున్న కుటుంబాలే కొడుకుల్ని బీకామ్, సీఏ చదివిస్తున్నాయి. షాపు ఉన్నవాడికే చదువు అవసరం అనిపిస్తుంటే, లేనివాడికి అక్కర్లేదని మనం చెప్తున్నాం.

కొన్ని ప్రైవేటు కాలేజీల మీద ఉన్న కోపం మాత్రం న్యాయమైనదే. అడ్మిషన్ కోసం ఇంటికొచ్చి లాప్‌టాప్ ఇస్తామని ఆశపెట్టేవాళ్లు, ల్యాబ్ తాళం పరీక్షల రోజు తప్ప తీయనివాళ్లు ఉన్నారు. చేరేముందు రెండో ఏడాది పిల్లల్ని పట్టుకుని అడగండి, క్లాసులు రోజూ జరుగుతున్నాయా, లెక్చరర్లు మధ్యలో ఎంతమంది మారారు అని. ఐటీఐ, పాలిటెక్నిక్ వైపు మనసున్న పిల్లల్ని అటే పంపండి, అదీ చదువే. చెడ్డ కాలేజీ ఉందని కాలేజీయే వద్దనడం సరికాదు.

యూట్యూబ్ గురించి ఎక్కువ చెప్పను. అందులో మంచి పాఠాలున్నాయి, ఎన్‌పీటీఈఎల్ వీడియోలు నేనూ చూశాను, వాటిని చెప్పేది ఐఐటీ ప్రొఫెసర్లే. కానీ నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు టైట్రేషన్ అనే ల్యాబ్ ప్రయోగంలో బ్యూరెట్ గొట్టం కుళాయిని ఎంత మెల్లగా తిప్పాలో చెయ్యి పట్టి చూపించింది మా మేడం. లేత గులాబీ రంగు వచ్చి నిలబడాలి, ఒక్క చుక్క ఎక్కువైతే ముదిరిపోతుంది, ఫ్లాస్కు కడుక్కుని మళ్లీ మొదటికి రావాలి. తప్పు చేస్తే ఆపేవాళ్లు, పక్కన కూర్చుని పోటీ పడేవాళ్లు, పరీక్ష తేదీ అనే భయం, ఇవేవీ ఫోన్లో రావు.

ఆడపిల్లల మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. కట్నం అడగడం, ఇవ్వడం 1961 చట్టం ప్రకారం నేరం. నేరం చేసేవాణ్ని వదిలేసి, పిల్ల చదువు ఆపమనడం ఏం న్యాయం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూస్తే మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది, దేశం సగటు 23.3. ఇంటర్ తర్వాత ఖాళీగా ఉన్న పిల్లకే సంబంధాలు చూడటం మొదలుపెడతారని మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. డిగ్రీలో చేరితే "పిల్ల చదువుకుంటోంది" అని చెప్పడానికి ఆ తల్లికి ఒక మాట దొరుకుతుంది, అడిగినవాళ్లు కూడా ఆగుతారు.

ఎంత చదివినా వంటింట్లోకే కదా అని ఒక పెద్దాయన గ్రూపులో కింద కామెంట్ పెట్టారు. పెద్దాయనా, ఈమధ్య మా బ్రాంచికి బీకామ్ రెండో ఏడాది చదివే అమ్మాయి వాళ్ల అమ్మతో వచ్చింది. అమ్మకు వేలిముద్రే. వాళ్ల నాన్న విత్తనాలకని గొలుసు కుదువబెట్టి ఊళ్లో లక్ష తెచ్చాడు, రెండు రూపాయల వడ్డీకి. ఆ పిల్ల డబ్బు తీసే స్లిప్పు వెనక పెన్నుతో లెక్క వేసింది: నెలకు రెండు వేలు, ఏడాదికి 24,000. పొలం పాస్‌బుక్ మీద పంట రుణం 7 శాతానికి ఇస్తారట కదా, గడువులోపు కడితే 4 శాతమే పడుతుందట కదా అని నన్నే అడిగింది. అంటే ఏడాదికి 4,000. తేడా 20,000. వాళ్ల అమ్మ ఆ కాగితం తీసుకుని చూసింది, అంకెలు చదవడం రాకపోయినా మడిచి కొంగులో ముడేసుకుంది, ఇంట్లో చూపించాలని. ఆ పిల్లకు ఉద్యోగం ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో కూడా తెలీదు.

ఇంకొక్క మాట. ఈ మెసేజ్ నాకు పంపినవాళ్లలో సొంత పిల్లల్ని కాలేజీ మాన్పించినవాళ్లు ఒక్కరూ లేరు. అందరి పిల్లలూ బెంగళూరులోనో, తిరుపతిలోనో, నంద్యాలలోనో చదువుతున్నారు. ఫార్వర్డ్ చదివి నిజమని నమ్మేది మాత్రం ఇంట్లో మొదటిసారి ఇంటర్ దాటిన పిల్లల అమ్మానాన్నలు.

వాళ్లు ఇది చదువుతుంటే, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కోసం మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో ఇప్పుడే అప్లై చేసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి రెండూ అడుగుతారు. పిల్ల పేరు, ఇంటిపేరు ఆధార్‌లోనూ టెన్త్ మార్కుల మెమోలోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ముందు అది సరిచేయించండి. బ్యాంకు అకౌంట్‌కి ఆధార్ లింకు కాకపోతే మీ దగ్గరి బ్రాంచికి వెళ్లండి, ఆదోనిలో వాళ్లయితే నా దగ్గరికే రండి, ఫారం నేను నింపిస్తాను.